ఐదున్నర ఫోను

మా ఆయన కువైట్‌లో ఒక ఇంటి డ్రైవరు. ఆ ఇంట్లో చేరి పద్నాలుగేళ్లయింది. చేరిన కొత్తలో ఆయన వెనక సీట్లో బెల్టు కట్టి కూర్చోబెట్టిన నాలుగేళ్ల అమ్మాయి, మా పాప ఈడుదే, ఇప్పుడు తన కారు తనే తోలుకుంటోందట. ఆమె తర్వాత పుట్టిన ఇద్దరు తమ్ముళ్లను ఇప్పుడు బడికీ ట్యూషనుకూ తిప్పుతున్నాడు. వాళ్లు ట్యూషన్‌లోకి పోయాక బయట బండి ఆపుకొని అరగంట కూర్చుంటాడు. రోజు మొత్తంలో ఆయనకంటూ మిగిలేది ఆ అరగంటే. అక్కడ మూడైతే ఇక్కడ ఐదున్నర. సరిగ్గా ఐదున్నరకు ఫోను చేస్తాడు. నాకు కాదు, పాపకు.

నాకు చేసేది రాత్రి భోజనాలయ్యాక. ఆ ఫోనులో ఇంటి సంగతులే ఉంటాయి. గ్యాసు వచ్చిందా, పులివెందులలో వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా, మిద్దె మీద నీళ్ల ట్యాంకు కారడం ఆగిందా. అడగాల్సినవి అడిగి, "సరే మ్మే, పెడతాండా" అంటాడు. ఐదున్నర ఫోను అలాంటిది కాదు. పాప నాలుగో తరగతిలో ఉన్నప్పటి నుంచి అది వాళ్లిద్దరిదే. బడి సంచీ భుజాన ఉండగానే గడప మీద కూర్చొని, ఆ రోజు బడిలో ఎవరు ఎవరిని కొట్టారో చెప్పేది. వంటింట్లో నాకు ఆమె మాటలే వినపడేవి. అవతల ఆయన ఏమంటే ఇది ఇంతగా నవ్వుతోందో తెలిసేది కాదు.

ఆ ఫోనుకు మా ఇంట్లో ఒక నియమం ఉంది. పెట్టింది నేనే. పాప ఐదో తరగతిలో ఉండగా జమ్మలమడుగులో మా పుట్టింటివాళ్ల పెళ్లికి పోయాం. మేళాల హోరులో ఫోను వినపడలేదు. గంట తర్వాత చూసుకుంటే ఇరవై సార్లకు పైగా చేసి ఉన్నాడు. తిరిగి చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏమైందో ఏమో అని కాళ్లూ చేతులూ ఆడల్యా మ్మే. బండి తోలబుద్ధి కాల్యా. పక్కకు ఆపుకోని కూసున్న్యా. ఈడుండి నేనేం చేయగలను చెప్పు."

అంత దూరంలో స్టీరింగు పట్టుకున్న మనిషిని ఇంకోసారి అట్లా భయపెట్టకూడదని ఆ రోజే అనుకున్నాను. "నాయన ఫోను మొదటి రింగుకే ఎత్తల్ల. స్నానం చేస్తాండినా, అన్నం తింటాండినా సరే" అని పాపకు చెప్పాను. పాప ఆ మాట ఎన్నడూ తప్పలేదు. తలకు సబ్బు నురుగుతో ఫోను ఎత్తిన రోజులు కూడా ఉన్నాయి.

బండి విషయంలో నియమాలు ఆయనవి. మా ప్రొద్దుటూరులో తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ముగ్గురేసి ఒక బండి మీద పోతుంటారు. పాప పదో తరగతి నుంచే అడగడం మొదలుపెట్టింది. "పద్దెనిమిది నిండనీ, లైసెన్సు కార్డు చేతికి రానీ. అంతవరకు తుడిచేదానికి కూడా బండి ముట్టుకోవద్దు" అన్నాడు.

"నా ఫ్రెండ్సు నన్ను ఎనకాల ఎక్కించుకోని పోతాండారు నాయనా. సంచి మూట ఎక్కిందని ఎగతాళి చేస్తాండారు."

"చేయనీలే. ఎనకాల కూసునేదానికి కూడా హెల్మెట్ పెట్టుకో. ఇంగా బాగా నవ్వుతారు."

పోయిన సంవత్సరం ఆమెకు పద్దెనిమిది నిండాయి. రెండేళ్లకొకసారి వచ్చే రెండు నెలల సెలవులో తనే నేర్పాలని ఆయన ఆశ. ఆ సెలవు దొరకలేదు. ఎదురింట్లో బట్టలు కుట్టే అక్క నేర్పింది. ఆమె భర్త కూడా కువైట్‌లోనే ఉన్నాడు. ఆమె స్కూటీ మీద ఊరంతా తిరిగి కుట్టిన బట్టలు ఇచ్చొస్తుంది. ఆదివారాలు పొద్దున ఏడింటికి గ్రౌండుకు పోయేవాళ్లం. బండి మీద పాప, పక్కన నడుస్తూ ఆ అక్క, వెనక ఫోను పైకెత్తి పట్టుకొని పరుగెత్తుతూ నేను. ఫోనులో ఆయన. అక్కడ అప్పటికి నాలుగున్నర, ఇంకా చీకటే. ఇందుకోసమే లేచేవాడు.

"మ్మే, నాకు ఆకాశం చూపిస్తాండావు. చక్రం చూపీ, చక్రం."

"పరిగెత్తల్లనా, చూపించల్లనా?"

"రెండూ చేయల్ల. డ్రైవరు భార్యవి గదా."

కుట్టే అక్క నవ్వలేక గ్రౌండు మధ్యలో కూలబడింది. "అన్నా, పాప సంగతి తర్వాత. ముందు ఈయమ్మకు లైసెన్సు ఇప్పియ్యి. స్పీడు శానా ఉంది" అంది.

పాపకు ఆయన చెప్పిన పాఠాలు పరీక్షలో అడిగేవి కావు. పులివెందుల దగ్గర పల్లెలో ట్రాక్టరుతో మొదలుపెట్టి, జమ్మలమడుగులో జీపు తోలి, ఎడారి రోడ్ల దాకా పోయిన మనిషి చెప్పే సంగతులు. ఆగిన ఆటోకు ఎడమ పక్కన దూరొద్దు, దిగే మనిషి నిన్ను చూసుకోడు. ముందర పోయే ట్రాక్టరాయన చెయ్యి బయట పెడితే తిరుగుతాండాడని నమ్మొద్దు, బీడీ బూడిద రాలుస్తాండొచ్చు, నువ్వు చక్రం సూడు. రోడ్డు మీద శనగలు ఆరబోసింటే బ్రేకు పట్టొద్దు, గోలీల మాదిరి జారుతాయి. గొర్రెలు అడ్డమొస్తే హారన్ కొట్టొద్దు, బెదిరి నీమీదికే వస్తాయి, ఇంజను ఆపి నిలబడు. చివర్న ఎప్పుడూ ఒకే మాట: "సెల్లు ముట్టుకోవద్దు. ఇన్నేండ్లలో తోలేటప్పుడు నేను ఒక్క ఫోను ఎత్తల్యా."

ఆయన చెబితే పాప తలూపుతూ వినేది. నేను చెబితే పళ్లికిలించేది.

"మెల్లగా పో."

"ఇంగా మెల్లగా పోతే కూరగాయల బండి నన్ను దాటుకోని పోతాది మా."

"హెల్మెట్ పెట్టుకున్నావా?"

"ల్యా, మట్టి దుత్త బోర్లించుకున్న్యా."

నా మాటలో బలం ఎందుకుండదో నాకు తెలుసు. నేను జీవితంలో బండి తోలలేదు. జమ్మలమడుగులో మా అన్నలు ఎవరి బండి దొరికితే వాళ్ల బండి మీద నేర్చుకున్నారు. నేను అడిగితే మా అమ్మ పళ్లెం నా ముందు పెట్టి బియ్యం ఏరమంది. నాకు తెలిసిందంతా వెనక కూర్చోవడమే. పెళ్లయ్యాక డిగ్రీ చదివేటప్పుడు, పరీక్షలున్న రోజుల్లో ఆయన జీపుకు సెలవు పెట్టి, జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు నన్ను పాత మోపెడు మీద తీసుకొచ్చేవాడు. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి చేలల్లో శనగపైరు. నేను వెనక నోట్సు తిప్పుతూ గొణుక్కుంటుంటే ఆయన ఒక అద్దాన్ని నావైపు తిప్పుకొని చూసేవాడు. "రోడ్డు చూడు మామా" అంటే, "రోడ్డు యాడికీ పోదులే" అనేవాడు.

ఒకసారి ఈ సంగతి నోరు జారి పాపతో అన్నాను. ఎగిరి గంతేసింది. "ఓహో! ఎనక వచ్చే లారీ చూసుకోవల్సిన అద్దంలో నిన్ను చూస్తాండెనా? ఇప్పుడు నాకు నీతులా? ఉండు, చెప్తా ఆయప్పకు" అంది. ఆ సాయంత్రం ఐదున్నరకు చెప్పిందట. "ఏమన్నాడు?" అని రెండు మూడు సార్లు అడిగాను. నవ్వుతుందే కానీ చెప్పలేదు. రాత్రి ఫోనులో ఆయనా ఆ మాట ఎత్తలేదు. గ్యాసు వచ్చిందా అని అడిగాడు.

లైసెన్సు వచ్చాక ఆయన పంపిన డబ్బుతో పాపకు స్కూటీ కొన్నాం. పాప చదివే కాలేజీ ఎర్రగుంట్ల రోడ్డులో, పెన్న అవతల ఉంది. ఐదుంబావుకు వదులుతారు. బండి తీసుకొని, స్నేహితురాళ్లతో మాటలు ముగించుకొని, బ్రిడ్జి దాటి, ఊళ్లో జనం మధ్య నుంచి ఇల్లు చేరేసరికి ఐదూ యాభై. ఆ అరగంట నేను గేటు దగ్గరే ఉంటాను. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయిన రోజులున్నాయి. దూరంగా అంబులెన్సు కూత వినపడితే అది ఎటు పోతోందో చెవులు రిక్కించి వింటాను. వీధి మలుపులో ఆమె హెల్మెట్ కనపడ్డాక లోపలికొచ్చి, ఏమీ ఎరగనట్టు టీ పెడతాను. "నాయన చేసినాడా?" అంటాను. "ఆ, కాలేజీకాడే మాట్లాడినా" అంటుంది. ఐదారు నెలలు ఇట్లాగే జరిగింది.

ఈ ఏడు మార్చిలో మా అత్తను డాక్టరుకు చూపించడానికి పులివెందులకు పోయి, సాయంత్రం బస్సులో తిరిగొస్తున్నాను. కిటికీ పక్కన సీటు. ఎర్రగుంట్ల దాటాక కడప బండలు వేసుకొని పోయే లారీల వెనక బస్సు మెల్లగా వచ్చింది. బ్రిడ్జి ఎక్కుతుండగా డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ముందర ఒక స్కూటీ, సగం రోడ్డు మీదికి జరిగి పోతోంది. హారన్ ఆ పిల్లకు వినపడినట్టు లేదు. డ్రైవరు విసుక్కోకుండా వేగం తగ్గించి, లారీ దూరమయ్యేదాకా ఆగి, పక్కకు తీసి దాటించాడు. అట్లా దాటేటప్పుడు ఆ బండి నా కిటికీ కిందికి వచ్చింది.

హెల్మెట్‌కూ చెంపకూ మధ్య సెల్‌ఫోను దోపుకొని ఉంది. ఏదో చెబుతోంది. తల ఏటివైపు తిప్పి చూసి మళ్లీ చెప్పింది. పగలబడి నవ్వింది. ఎవరి పిల్లో, తల్లి ఎట్లా పంపించిందో అనుకున్నాను. కండక్టరు నా సీటు మీదుగా వంగి చూసి, "సూడక్కా. ఈ కాలం పిల్లోళ్లు హెల్మెట్ కొనేది తలకాయకు కాదు, ఫోనుకు" అన్నాడు. ముందు సీటాయన, "పోలీసులకూ భయం ల్యా, తల్లిదండ్రులకూ భయం ల్యా" అన్నాడు. నేను కూడా తలూపాను.

తలూపుతూ ఆ పిల్ల వీపున ఉన్న బ్యాగు చూశాను. జిప్పు తెగిన చోట రెండు పిన్నీసులు. ముందురోజు పొద్దున ఆ పిన్నీసులు పెట్టింది నేను.

బస్సు ముందుకు పోయింది. నేను మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను. నోరు తెరిచి మా పాపే అని చెప్పలేకపోయాను. ఏమీ కాలేదు. లారీ తన దారిన పోయింది, బస్సు తన దారిన వచ్చింది, పాప తన దారిన వస్తోంది. ఆ ఏమీ కాకపోవడం రోజూ అక్కడ జరుగుతోందని, రోజూ అదే సమయానికి నేను గేటు దగ్గర నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది. ఇంకో సంగతి కూడా రాయాలి. అంత హాయిగా ఆమె నవ్వడం ఇంట్లో నేను చూసి చాలా రోజులయింది.

స్టాపులో దిగి ఆటోలో ఇల్లు చేరాను. నా వెనకే ఆమె వచ్చింది. గేటు దగ్గర గోడవైపు తిరిగి హెల్మెట్ తీసింది. వంటింటి కిటికీలోంచి చూస్తే రోజూ అట్లానే అటు తిరిగి తీసేదని అప్పుడు గుర్తొచ్చింది. బండికి స్టాండు వేసి, తాళం తీసి, అన్నీ వాళ్ల నాయన చెప్పినట్టే చేసి లోపలికి వచ్చింది.

"నాయన చేసినాడా?"

"ఆ. కాలేజీకాడే మాట్లాడినా."

"బస్సు అన్నిసార్లు హారన్ కొడితే వినపడల్యానా నీకు?"

పాప మొహం మాడిపోయింది. తర్వాత మొదలైంది చూడండి, నేనన్న మాటలు అన్నీ ఇక్కడ రాయలేను. వాళ్ల నాయన అంతగా చెప్పి పంపితే ఇదా నువ్వు చేసేది అన్నాను. బండి తాళం ఇటియ్యి అన్నాను. అప్పుడు ఆమె కూడా గొంతు పెంచింది.

"నువ్వే గదా చెప్పింది? నాయన ఫోను మొదటి రింగుకే ఎత్తల్ల, ల్యాకుంటే భయపడతాడని?"

"ఎత్తమంటే తోలుకుంటా ఎత్తమన్న్యానా? ఆపి మాట్లాడొచ్చు గదా!"

"ఆపితే?" అంది. "ఆపితే నువ్వేమన్న్యావు? మొదట్లో ఆపే మాట్లాడతాంటి. మరిచిపోయినావా?"

మరిచిపోలేదు. మరిచిపోయానని అనుకున్నాను. ఆమె కొత్తగా బండి మీద పోతున్న రోజుల్లో మా వీధిలో ఒకామె కొళాయి దగ్గర నాతో అంది. "మీ పాప బ్రిడ్జికాడ రోడ్డు పక్కన ఒకతే నిలబడుకోని సెల్లులో ఒకటే నవ్వుతాంది. తండ్రి యాడనో ఉండాడు. కనిపెట్టుకోమ్మా." అది వాళ్ల నాయనతోనే మాట్లాడుతోంది అని అప్పుడే చెప్పాల్సింది. నాకు నోరు రాలేదు. ఇంటికొచ్చి పాప మీద పడ్డాను. రోడ్డు పక్కన నిలబడుకోని ఆ నవ్వులేంది, చూసేవాళ్లు ఏమనుకుంటారు అన్నాను. "నాయనతో మా" అంది. "నాకు తెలుసు. వాళ్లకు తెలుసునా?" అన్నాను.

"నిలబడితే అందరికీ కనపడతా. పోతాంటే ఎవరికీ కనపడను. హెల్మెట్‌లో ఎవరికి తెలుస్తాది?" అంది పాప. ఏడుస్తోంది కానీ మాట మాత్రం ఆపలేదు. "ఇంటికొచ్చి మాట్లాడమంటావు. నేను వచ్చేసరికి ఐదూ యాభై. ఆరుకు ఆ పిల్లోళ్లు బయటికొస్తారు, నాయన బండి తీయల్ల. ఇంగ పది నిమిషాల్లో ఏం మాట్లాడేది? నువ్వు పక్కనే నిలబడింటావు."

చివరి మాట ఎక్కడో గుచ్చుకుంది. "నేనుంటే మాట్లాడలేనివి ఏముండాయి మీకు?" అన్నాను.

పాప చున్నీతో మొహం తుడుచుకుంది.

"ఏం లేవు మా. దారి చెప్తా."

"దారేంది?"

"నాయనకు ఇంటికొచ్చే దారి. ఇప్పుడు యాడికొచ్చినావు అంటాడు. బ్రిడ్జి ఎక్కినా అంటా. ఏట్లో నీళ్లుండాయా అంటాడు. మడుగులే ఉండాయి, కొంగలు నిలబడినాయి అంటా. దోశల బండికాడ కారం వాసన వస్తాందా అంటాడు. పాత సినిమా హాలు ఉందా, కొట్టేసినారా అంటాడు. మన వీధిలో తిరిగినాక, గేటుకాడ మీయమ్మ నిలబడిందా అంటాడు. నిలబడింది అంటా. యా చీర అంటాడు. చెప్తా. అప్పుడు పెట్టేస్తాడు."

నేను అక్కడే కింద కూర్చున్నాను. పద్నాలుగేళ్లలో ఆ మనిషి నన్ను ఏ చీర కట్టుకున్నావని అడగలేదు. అడిగేది నన్ను కాదు కాబట్టి నాకు తెలియలేదు.

"ఆయనకు తెలుసునా, నువ్వు తోలుకుంటా చెప్తాండావని?"

"ల్యా. బండి ఊళ్లోకే, కాలేజీకి ఆటోలోనే పోతాండా అని చెప్పినా. గాలి శబ్దం వస్తాందే అంటే, ఆటోలో అంచున కూసున్న్యా అంటా." తల వంచుకొని, "రోడ్డు చూస్తానే గదా మా చెప్తాండేది. చూడకుంటే ఎట్ల చెప్తా?" అంది.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. బస్సు హారన్ చెవిలో మోగుతూనే ఉంది.

"నాయనకు చెప్పొద్దు మా. ఇంగ ఎత్తను. ఒట్టు" అంది.

చెప్పకుండా ఉండాలనే చూశాను. మరుసటి రోజు ఐదున్నరకు ఆమె ఎత్తలేదు. ఐదూ ముప్పై మూడుకు నా ఫోను మోగింది. "పాప ఎత్తల్యా. ఏమైంది?" అన్నాడు. జమ్మలమడుగు పెళ్లినాటి గొంతే. ఛార్జింగ్ లేదని చెప్పాను. రెండో రోజు కాలేజీలో ఏదో ఫంక్షన్ అన్నాను. మూడో రోజు ఏమీ తోచక ఫోను అట్లానే మోగనిచ్చాను. ఆ రాత్రి ఆయన గ్యాసు గురించి అడగలేదు. "పాపకు నామీద కోపమా మ్మే?" అన్నాడు. ఆ మాట తర్వాత దాచడం నావల్ల కాలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆయనకు పని ఉండదు. అప్పుడు నేనే ఫోను చేసి మొత్తం చెప్పాను. కొళాయి దగ్గర మాట కూడా చెప్పాను.

అవతల ఆయన గది తలుపు మూసుకున్న చప్పుడు వినపడింది.

"నేనే అడుగుతాంటి మ్మే" అన్నాడు. "యాడికొచ్చినావు, యాడికొచ్చినావు అని నేనే అడుగుతాంటి. ఇన్నేండ్లలో నా చేతిలో ఒకరి బండికి గీత పడల్యా. నా బిడ్డ బండి తోలుతాంటే చెవిలో కూసోని నేనే మాట్లాడిస్తాంటి."

"నీకు తెల్దు గదా మామా."

"గాలి శబ్దం తెల్దా నాకు? ఆటో గాలి ఏందో, స్కూటీ గాలి ఏందో డ్రైవరుకు తెల్దా?" మళ్లీ తనే అన్నాడు. "తెలుసుకోబుద్ధి కాల్యా. ఏరు దాటేది బాగుంటాంది."

ఆ రోజు నుంచి ఐదున్నర ఫోను మానేశాడు. పాపను ఒక్క మాట తిట్టలేదు. రాత్రి నా ఫోనులోనే పాపతో, "బాగా చదువుకో నాయనా" అని పెట్టేసేవాడు. పాప రోజూ ఐదూ నలభైకే ఇంటికి వచ్చేది. దారిలో ఎక్కడా ఆగే పని లేదు కదా. నేను మొక్కుకున్నది అదే. ఫోను డిక్కీలో ఉంది, రెండు చేతులూ హ్యాండిలు మీద ఉన్నాయి, పిల్ల వేళకు ముందే ఇల్లు చేరుతోంది. వచ్చి, హెల్మెట్ చిలక్కొయ్యకు తగిలించి, గదిలోకి పోయి పడుకునేది. టీ చల్లారిపోయేది. ఒక రాత్రి ఆయన్ను అడిగాను, ఆ అరగంట ఏం చేస్తున్నావని.

"ఏం చేస్తా. ఎదురుగా ఒక గోడ ఉంది. దాన్ని చూస్తాండా."

బండి మాన్పించి పాపను ఆటోలో పంపుదామా అని కూడా ఆలోచించాను. అది నాకు తేలిక. నేను బండి అడిగినప్పుడు మా అమ్మకు కూడా బియ్యం పళ్లెం ముందు పెట్టడమే తేలిక అయింది. అట్లా చేయబుద్ధి కాలేదు. మార్చవలసింది బండి కాదు. ఆ పిల్ల రోడ్డు పక్కన నిలబడి నవ్వగలగాలి.

మరుసటి రోజు పొద్దున కాలేజీకి బయలుదేరుతున్న పాపతో అన్నాను. "సాయంత్రం బ్రిడ్జి దిగినాక చెరుకు రసం బండికాడ ఆపు. ఆడుండి నాయనకు నువ్వే చెయ్యి. నేనొస్తా."

"నువ్వెందుకు?"

"నేను పక్కనుంటే ఎవరూ ఏమీ అనరు."

పాప హెల్మెట్ పట్టీ పెట్టుకుంటూ నా వైపు చూసింది. "అంటే ఇంగా వాళ్ల కోసమేనా మా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "అవును. నాకు ఇంగా భయం పోల్యా. పోయేదాకా వస్తా" అన్నాను.

ఐదుంబావుకు షేర్ ఆటో ఎక్కి పోయాను. ఆమె వచ్చింది. రోడ్డు దిగి మట్టిలోకి దూరంగా తీసి, స్టాండు వేసి, తాళం తీసి, హెల్మెట్ సీటు మీద పెట్టింది. చెరుకు రసం బండికి కట్టిన పట్ట కింద ఒక స్టూలు మీద కూర్చొని, డిక్కీలోంచి తీసిన ఫోను కొట్టింది. అక్కడ ఉన్న నీడంతా ఆ పట్ట కిందే. నేనూ అక్కడే నిలబడితే వాళ్ల మాటలు నాకు వినపడతాయి. ఇరవై అడుగులు దూరం జరిగి, ఎండలోనే, ఏటివైపు తిరిగి నిలబడ్డాను. మార్చి ఎండ ఐదున్నరకు కూడా మొహం మీద మంటలానే ఉంటుంది. కొంగు కప్పుకున్నాను.

మొదట్లో పాప కాలితో మన్ను గీస్తూ ఊ కొడుతోంది. తర్వాత చెయ్యి ఏటివైపు చూపించింది, ఆయనకు కనపడదని తెలిసి కూడా. తర్వాత నవ్వింది. బస్సు కిటికీలోంచి నేను చూసిన నవ్వే. మా బజారులో బంగారం పని చేసే ఒకాయన బండి మీద పోతూ వేగం తగ్గించి ఆమెను, తర్వాత నన్ను చూశాడు. "ఏమ్మా, ఈడ నిలబడినావు?" అన్నాడు.

"పాప వాళ్ల నాయనతో మాట్లాడతాంది" అన్నాను. అవసరమైన దానికంటే గట్టిగానే అన్నాను. రసం తీసే ఆయన కూడా తలెత్తి చూశాడు.

నాకు ఒక్క మాటా వినపడలేదు. వినపడాలని ఎంతగా ఉండిందో ఎవరికి చెప్పను. ఆమె నోటి వంక చూస్తూ, ఇప్పుడు దోశల బండి గురించా, సినిమా హాలు గురించా అని పోల్చుకుంటూ నిలబడ్డాను. అక్కడ, ఎక్కడో ఒక గోడ ముందు ఆపిన కారులో, ఆ మనిషి ఎట్లా కూర్చొని వింటున్నాడో ఊహించుకోవాలని చూశాను. ఎంత చూసినా మోపెడు మీద నేను చూసిన వీపే కనపడింది. అది ఇప్పుడు ఎట్లా ఉంటుందో నాకు సరిగ్గా తెలియదు.

ఆరు కావస్తుండగా పాప ఫోను పెట్టేసింది. దాన్ని డిక్కీలో వేసి, సీటు నొక్కి, లాకు పడిందో లేదో మళ్లీ ఒకసారి లాగి చూసి, నాకోసం తెచ్చిన రెండో హెల్మెట్ పట్టుకొని వచ్చింది.

"ఏమన్నాడు?" అన్నాను.

"మీయమ్మ యాడుంది అన్నాడు. ఆడ ఎండలో నిలబడింది అన్న్యా. నీడకు రమ్మని చెప్పు అన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"మొదట్లోనే అన్నాడు మా. మాటల్లో పడి మరిచిపోయినా."

ఆమె ఆ మాట నాకు చెప్పేసరికి ఎండ వాలిపోయింది. హెల్మెట్ పెట్టుకొని వెనక కూర్చున్నాను. పాప వెనక నుంచి వచ్చే లారీని పోనిచ్చి, రెండు వైపులా చూసి, బండిని రోడ్డెక్కించింది.